ప్రశ్న ఎక్కడ పుట్టింది?



మన ఉపకారవేతనాలతో చదువుకున్న పిల్లలు కొందరు ఎం.బి.ఏ. దాకా వెళ్తున్నారు. ఒక దేశంలో తేలిన విషయం మరో దేశానికి వర్తిస్తుందా అనేది అంతర్జాతీయ వ్యాపార పరిశోధనలో పెద్ద ప్రశ్న. ఉపాధ్యాయులుగా మాకు నచ్చిన ఒక ఉదాహరణ చెబుతాము.

నెదర్లాండ్స్‌కు చెందిన గీర్ట్ హాఫ్‌స్టెడ్, ఐ.బి.ఎం. కంపెనీ 1967 నుంచి 1973 వరకు అనేక దేశాల్లోని తన ఉద్యోగుల నుంచి సేకరించిన 1,16,000కు పైగా ప్రశ్నపత్రాలను పరిశీలించారు. పై అధికారికి ఎంత లోబడతారు, తమకే విలువిస్తారా సమూహానికా వంటి నాలుగు కొలమానాలతో దేశాలను పోలుస్తూ 1980లో గ్రంథం వెలువరించారు.

ఆ ప్రశ్నలు పాశ్చాత్యులు తయారుచేసినవి. అందుకే హాంకాంగ్‌లో పనిచేస్తున్న మైకేల్ బాండ్ చైనా విలువలేమిటో చైనా పండితులనే అడిగారు. వారు చెప్పిన వాటితో 40 అంశాల పత్రం తయారుచేసి 22 దేశాల విద్యార్థులకిచ్చారు. 1987లో ఫలితాలు ప్రచురించారు. మూడు కొలమానాలు పాతవాటితో కలిశాయి. నాలుగోది పూర్తిగా కొత్తది. పట్టుదల, పొదుపు వంటి గుణాలు అందులో ఉన్నాయి. హాంకాంగ్, తైవాన్, జపాన్, దక్షిణ కొరియా అందులో ముందు నిలిచాయి. ఆ రోజుల్లో వేగంగా ఎదిగిన దేశాలు, ప్రాంతాలు అవే! లక్షకు పైగా పత్రాల్లో దొరకనిది ఇక్కడ దొరికింది. ముందు ఎవరూ అడగలేదు, అంతే. హాఫ్‌స్టెడ్ దాన్ని తన ఐదో కొలమానంగా స్వీకరించారు.

బయటి ప్రశ్నలు పనికిరావని దీని అర్థం కాదు. మూడు కలిశాయి కదా! వాటితోనే సరిపెట్టుకోకూడదనేదే పాఠం.

ఇది మనకూ వర్తిస్తుంది. ఉపకారవేతనం దరఖాస్తులో 'తండ్రి నెలజీతం' అని ఒక గడి ఉంటుంది. తోపుడుబండి మీద పండ్లమ్మే తండ్రి అందులో ఏం రాయగలడు? వానపడితే ఆ రోజు బేరమే ఉండదు. ఇంట్లో మగ్గం పని చేసే తల్లి సంపాదనకు గడే లేదు. గడి ఖాళీగా ఉందని దరఖాస్తు పక్కకు పోతే ఆగిపోయేది ఆ బిడ్డ చదువు.

కనుక వచ్చే ఏడాది ఫారం అచ్చువేసే ముందు నలుగురు తల్లులను కూర్చోబెట్టి, "మీ ఇంటి పరిస్థితి తెలియాలంటే మేము ఏమడగాలి?" అని అడగాలని మా విన్నపం. అందుకు ఒక పూట సమయం చాలు. మీరిచ్చే ప్రతి రూపాయీ అసలైన అవసరం ఉన్న ఇంటికి చేరుతుంది.