రాబందు చేసిన నేరమేమిటి?

(స్కాలర్‌షిప్పుల ప్రదాన సభలో చేసిన ప్రసంగం)



రిటైరైన బ్యాంకు గుమాస్తా పొదుపు గురించి మాట్లాడతాడని అనుకుని ఉంటారు. నేను రాబందుల గురించి మాట్లాడదలచాను. కన్నడ మీడియం పిల్లలకు రణహద్దు అంటే వెంటనే తెలుస్తుంది.

అధిక వడ్డీతో పేదవాణ్ణి పీడించేవాణ్ణి మనం 'రాబందులా పీక్కుతింటున్నాడు' అంటాం. కౌంటరులో కూర్చుని ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! గద్ద, డేగ బతికున్నవాటిని వేటాడతాయి. రాబందు దాదాపు ఎప్పుడూ చచ్చిన పశువునే తింటుంది. కళేబరం కుళ్ళి రోగాలు పుట్టక ముందే శుభ్రం చేసిపోతుంది. ఆ పనికి జీతమూ లేదు, పెన్షనూ లేదు. వాల్మీకి జటాయువును గృధ్రరాజు అన్నాడు. గృధ్రం అంటే రాబందే. లేపాక్షికి వెళ్ళి జటాయువుకు దండం పెట్టేదీ మనమే, ఆ పక్షి పేరును తిట్టుగా వాడేదీ మనమే.

ఒకప్పుడు మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవని అంచనా. 1990ల నుంచి ఉన్నట్టుండి రాలిపోయాయి. తెల్లవీపు రాబందులైతే 2007 నాటికి నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. చాలాకాలం కారణం అంతుబట్టలేదు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2004లో అచ్చయిన పరిశోధనలో దాన్ని తేల్చారు. ఆ కారణం డైక్లోఫెనాక్, మనం ఒళ్ళు నొప్పులకు వేసుకునే మందే. నొప్పికో వాపుకో పశువుకు ఆ సూది వేస్తారు. అది చనిపోతే రాబందులు తింటాయి. వాటి మూత్రపిండాలు పాడై కొద్దిరోజుల్లో చస్తాయి. వంద కళేబరాల్లో ఒక్కదానిలో ఆ మందున్నా జాతి తుడిచిపెట్టుకుపోవడానికి చాలు. ఎందుకంటే రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. జమ ఒకటి, ఖర్చు పది అయితే ఏ ఖాతా నిలుస్తుంది?

పశువులకు ఈ మందును 2006లో నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే వచ్చారు. అందుకే 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. అదే కీడు చేసే కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్‌లను పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉండనే ఉంది.

ఇక్కడున్న తల్లిదండ్రుల్లో పశువులు ఉన్నవారు, ఊళ్ళో అన్నదమ్ములు పాడి చేసేవారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. అమ్మానాన్నలకు లేబులు చదవడం రాకపోతే పిల్లలు చదివి పెట్టండి. ఆవుకు సూది వేయడానికి వచ్చినవారిని 'ఇది మెలాక్సికామేనా సార్?' అని మర్యాదగా అడగండి. బడిలో పక్షి బొమ్మకు రంగులు వేయించడం మంచిదే గాని, నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్న నేర్పడం అంతకంటే అవసరం.

సెప్టెంబరు మొదటి శనివారం అంతర్జాతీయ రాబందుల అవగాహన దినం. ఆ రోజు ప్రార్థన సమయంలో ఐదు నిమిషాలు మాట్లాడటానికి హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకోండి. బెంగళూరు వాళ్ళకు రామనగరం దగ్గరే. 'షోలే' తీసిన రాళ్ళగుట్టల ఊరు. అక్కడి రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని పొడవుముక్కు రాబందులే అక్కడ మిగిలాయి. వెళితే కొండ ఎక్కి కేకలు వేయకండి, గూళ్ళు ఆ రాతి అంచుల మీదే ఉంటాయి.