ఇంటి కంప్యూటర్ల నడుమ జాప్యము



పత్తికొండవంటి యూళ్లలో సైతము ఒకే యింట రెండు కంప్యూటర్లుండుట నేడు వింత గాదు. పెండ్లి ఛాయాచిత్రములు, పొలము దస్తావేజుల ప్రతులు ఒకదానినుండి మఱియొకదానికి పంపబోవగా, గడియలో ముగియవలసిన పని పూటయంతయు సాగుచుండును. అంతట గృహస్థుడు క్రొత్త యంత్రమునకు బేరమాడును; లేదా ఇంటర్నెట్టు చందా పెంచును. ఈ రెండవది కేవలము వ్యర్థము. ఇంటిలోని యంత్రములు తమలో తాము ఇచ్చిపుచ్చుకొనునప్పుడు ఆ సరకు వీధి దాటిపోదు.

కపిల తోలినవారెఱుగుదురు: బావిలో నీరెంత యున్నను, ఎద్దులెంత బలముగలవైనను, కాలువ యొకచోట ఇఱుకైనచో, ఆ యిఱుకు పాఱనిచ్చినంత నీరే మడికి చేరును. ఇచ్చటను అంతియే. పంపు యంత్రము, తీగ, రౌటరు, అందుకొను యంత్రము - వీనిలో మందమైనదే మొత్తము వేగమును నిర్ణయించును.

ముందు లెక్క చూడుడు. తీగ వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. తెరపై సాధారణముగా మెగాబైట్లు కనబడును. 8 బిట్లొక బైటు. కావున 100 మెగాబిట్ల మార్గమున సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రావు. అది దోషము గాదు. 1000 మెగాబిట్ల మార్గమున సైతము అంతియే వచ్చినచో తీగను శంకింపవలెను. అందు 8 సన్నని తంతువులుండును. 100 మెగాబిట్లకు నాలుగు చాలును; 1000 మెగాబిట్లకు ఎనిమిదియు వలయును. ఎలుక యొక్క తంతువును కొఱికినను వేగము పదవవంతునకు దిగిపోవచ్చును. అప్పుడు మార్చవలసినది తీగయే గాని యంత్రము గాదు.

వైఫై యైనచో, మన సీమ మందపు రాతిగోడలు దాని తరంగములను క్షీణింపజేయును. 5 గిగాహెర్ట్జ్ తరంగములు వేగముగలవి. గోడ దాటుటలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగములకంటె దుర్బలములు. రెండు యంత్రములును వైఫైపైనే యున్నచో ప్రతి ఫైలును గాలిలో రెండుమార్లు నడవవలెను - ఒకమాఱు రౌటరునకు, మఱియొకమాఱు అచ్చటినుండి. ఒకదానికైనను తీగ తగిలించి చూడుడు.

వేలకొలది చిన్న ఫైళ్లను విడివిడిగా పంపుట జొన్నలను పిడికెడు పిడికెడుగా మోయుటవంటిది. మూటగా గట్టి పంపుడు.

పరీక్షించునపుడు ఒకే పెద్ద ఫైలును పంపుచు, ఒక్కొక్క మాఱు ఒక్కదానినే మార్చి చూడుడు. దేనిని మార్చినపుడు వేగము పెరిగెనో అదియే దోషస్థానము. నడుమ విసిగి తీగ లాగవలదు. ప్రతి పూర్తిగా చేరినదని తెఱచి చూచుకొనిన పిమ్మటనే మూలమును చెఱుపుడు. దస్తావేజు ఆలస్యముగా చేరిన పూట పోవును. చెడిన మరల రాదు.