ఒక డాలరు జీతం

మేనేజ్‌మెంట్ విద్యలో నేడు పట్టాలు అందుకుంటున్నవారిలో కొందరైనా రేపు సంస్థల పగ్గాలు చేపట్టవలసినవారే కనుక, ఒక సీఈఓ జీతానికీ రాజకీయానికీ ఉన్న ముడిని లీ అయకోకా ఉదంతంలో పరిశీలించడం ఈ స్నాతకోత్సవానికి తగిన పనే.

ఇటలీ నుంచి అమెరికాకు వలస వచ్చిన కుటుంబంలో 1924లో పుట్టిన అయకోకా, 1946లో ఫోర్డ్ కంపెనీలో ఇంజనీరుగా చేరి, అమ్మకాల విభాగానికి మారి, 1964లో మస్టాంగ్ కారుతో పేరు గడించి, 1970లో కంపెనీ అధ్యక్షులయ్యారు. 1978 జూలైలో కంపెనీ అధినేత రెండవ హెన్రీ ఫోర్డ్ ఆయనను తొలగించగా, అదే ఏడాది నవంబరులో, నష్టాలలో కూరుకుపోయిన కార్ల కంపెనీ క్రైస్లర్‌లో చేరారు.

క్రైస్లర్‌ను నిలబెట్టింది కార్ల కంటే ముందు రాజకీయమే. 1971 ఏప్రిల్‌లో ఇదే అయకోకా, రెండవ హెన్రీ ఫోర్డ్‌తో కలిసి శ్వేతసౌధానికి వెళ్లి, భద్రతా నిబంధనలు పరిశ్రమకు మోయలేని బరువని అధ్యక్షుడు నిక్సన్‌కు మొరపెట్టుకున్న సంభాషణ అప్పటి రహస్య టేపులలో నమోదై ఉంది. ప్రభుత్వ జోక్యం వద్దన్న ఆయనే 1979లో, ప్రభుత్వం ఆదుకోకపోతే లక్షల ఉద్యోగాలు పోతాయని కాంగ్రెస్ కమిటీల ముందు వాదించారు. 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం 150 కోట్ల డాలర్ల వరకు రుణ హామీ ఇచ్చింది. అంటే ప్రభుత్వం ఖజానా సొమ్ము అప్పుగా ఇవ్వలేదు, కంపెనీ తీర్చలేని పక్షంలో తాను తీరుస్తానని రుణదాతలకు పూచీ పడింది. ప్రతిగా బ్యాంకులు, డీలర్లు, కార్మికులు తలా కొంత వదులుకోవాలని చట్టం షరతు పెట్టగా, కార్మికులు వేతనాలలో కోతకు ఒప్పుకున్నారు, వేలమంది ఉద్యోగాలే కోల్పోయారు.

వేతనాలు తగ్గించుకోమని అడగడానికి ముఖం చెల్లాలంటే అడిగేవారు ముందు తగ్గించుకోవాలి గనుక, అయకోకా తన వార్షిక జీతాన్ని ఒక డాలరుకు దించుకున్నారు. ఆ నిర్ణయానికి నిజమైన విలువ ఉంది; అయితే జీతం ఒక్కటే ప్రతిఫలం కాదు. ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ వాటాలను తరువాత కొనుక్కునే హక్కును స్టాక్ ఆప్షన్ అంటారు; వాటా పాతాళంలో ఉన్నప్పుడు పొందిన ఆప్షన్, కంపెనీ కోలుకున్నాక నిధిగా మారుతుంది. 1986లో ఆయన రాబడి సుమారు 2 కోట్ల డాలర్లు, అందులో గణనీయమైన భాగం ఆప్షన్లదే. అప్పటికి ఆయనను అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేయమని కోరేవారు కూడా ఉన్నారు, ఆయనే వద్దనుకున్నారు.

పూచీ పడినందుకు ప్రభుత్వం దగ్గర కూడా వారెంట్లు, అంటే దాదాపు అలాంటి హక్కు పత్రాలే ఉన్నాయి. 1983లో, గడువుకు ఏడేళ్లు ముందే రుణం తీర్చిన క్రైస్లర్, ఆ వారెంట్ల లాభాన్ని ప్రభుత్వం వదులుకోవాలని కోరింది. ప్రభుత్వం ఒప్పుకోక వేలం వేయగా, కంపెనీయే వాటిని సుమారు 31 కోట్ల డాలర్లకు కొనుక్కోవలసి వచ్చింది.