రసీదు జాగ్రత్తండీ!



ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి, వచ్చిన ప్రతివారికీ "రసీదు జాగ్రత్తండీ" అని చెప్పినవాణ్ణి. నా స్కూటరు అమ్మినప్పుడు మాత్రం ఒక్క కాగితమూ ఉంచుకోలేదు. తెలిసిన కుర్రవాడే గదా అని తాళంచెవి, ఆర్.సి. చేతిలో పెట్టి ఊరుకున్నాను.

2022 మార్చిలో తెలంగాణలో పాత చలాన్లకు రాయితీ ప్రకటించారు. ద్విచక్ర వాహనాలకు నాలుగో వంతు కడితే చాలన్నారు. మనకేముంటాయిలే అనుకుంటూనే, మనవరాలి చేత పోలీసువారి ఈ-చలాన్ సైటులో పాత బండి నంబరు కొట్టించాను. పదకొండు చలాన్లు! అన్నీ నా పేరునే. ఫొటోలలో హెల్మెట్ లేకుండా ఆ కుర్రవాడు.

"తాతయ్యా, ఆ బండితో ఎవరినైనా గుద్దేసి ఉంటే?" అంది మనవరాలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది.

మర్నాడే ఆ కుర్రవాణ్ణి వెతికి పట్టుకున్నాను. పాపం, మారు మాటాడకుండా మీసేవలో సొమ్ము కట్టాడు. ఆ వారంలోనే ఆర్.టి.ఎ. ఆఫీసులో పేరు మార్పించాము.

కాబట్టి మిత్రులారా, బండి అమ్మిన 14 రోజులలోగా ఫారం 29 దాఖలు చేయండి. కొన్నవారి చేత ఫారం 30 పెట్టించండి. నెలకోసారి చలాన్లు చూసుకోండి. ఫొటోలో ఉన్న బండి మీది కాకపోతే తొందరపడి కట్టకండి. చలాన్ నంబరు, ఫొటోలతో పోలీసువారికి ఫిర్యాదు చేయండి.

ఏ పని చేసినా రసీదు జాగ్రత్తండీ! సెలవు.