లెక్కకు రాని ప్రయాణాలు



పాతబస్తీకి మెట్రో ఎందుకు రాలేదని అడిగితే మన గల్లీలలో రెండు జవాబులు వినిపిస్తాయి. మనం ముస్లిములం గనుక ఇవ్వలేదని కొందరంటారు. మనమే అడ్డుపడ్డామని మరికొందరంటారు. దారుల్‌షిఫా నుండి శాలిబండ వరకు ఉన్న మసీదులు, ఆషూర్‌ఖానాలు, ఇతర ప్రార్థనా స్థలాల విషయంలో మార్గంపై వివాదం నడిచిన మాట వాస్తవమే. అందులో మన నాయకుల పాత్రను కూడా దాచనవసరం లేదు. అయితే మూడవ కారణం ఒకటి ఉంది. దానిని గురించి మనం ఎన్నడూ మాట్లాడుకోలేదు. అది నిధులు పంచే పద్ధతి.

హైదరాబాద్ మెట్రో తొలి దశ వేలంపాట వంటి పోటీలో పుట్టింది. గిట్టుబాటు కాని ప్రాజెక్టుకు ప్రభుత్వం కొంత గ్రాంటు ఇస్తుంది; అతి తక్కువ గ్రాంటు అడిగిన సంస్థకు పని దక్కుతుంది. 2008లో ఒక బృందం గ్రాంటు అడగకపోగా, తానే 30,311 కోట్ల రూపాయలు ప్రభుత్వానికి చెల్లిస్తానన్నది! మరుసటి ఏడాది ఆ ఒప్పందం రద్దయింది. 2010లో 1,458 కోట్ల గ్రాంటు కోరిన సంస్థకు పని అప్పగించారు. మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం మార్గాలు పూర్తయ్యాయి. జూబ్లీ బస్ స్టేషన్ నుండి ఫలక్‌నుమాకు వెళ్ళవలసిన మార్గం మాత్రం 2020 ఫిబ్రవరిలో ఇమ్లీబన్ వద్దనే ఆగిపోయింది. మూసీ దాటి ఇవతలికి రావలసిన సుమారు 5.5 కిలోమీటర్లు కాగితం మీదనే మిగిలాయి.

ఇప్పుడు పోటీ నగరాల మధ్య జరుగుతున్నది. 2017 నాటి కేంద్ర మెట్రో విధానం ప్రకారం ప్రాజెక్టు వలన సమాజానికి కలిగే ఆర్థిక ప్రతిఫలం కనీసం 14 శాతం ఉండాలి. 2024లోనే బెంగళూరు మూడవ దశకు, చెన్నై రెండవ దశకు కేంద్రం ఆమోదం లభించింది. అదే ఏడాది నవంబరులో మన రాష్ట్రం 76.4 కిలోమీటర్ల రెండవ దశ ప్రతిపాదనను 24,269 కోట్ల అంచనాతో పంపింది. ఇమ్లీబన్ నుండి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్లు అందులో ఉన్నాయి.

ఆ 14 శాతాన్ని ఎట్లా లెక్కిస్తారు? ఆదా అయ్యే సమయం, ఇంధనం, తగ్గే ప్రమాదాలు, కాలుష్యం, వీటికి వెల కడతారు. సమయానికి వెల కట్టేటప్పుడు సాధారణంగా ప్రయాణికుని ఆదాయమే ఆధారం. అంటే హైటెక్ సిటీ ఉద్యోగి గంట ఖరీదైనది. లాడ్‌బజారు గాజుల కార్మికుని గంట చౌకైనది. ఇంట్లో కూర్చుని జరీ పని చేసే మన చెల్లెలు సరుకు అప్పగించడానికి ఆటోలో పోయి వచ్చిన గంటకు విలువ ఎంత కడతారో మీరే ఊహించండి. ఇంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. సర్వేలు జరిగిన ప్రయాణాలనే లెక్కిస్తాయి. రెండు బస్సులు మారాలని, పొద్దుపోయాక ఒంటరిగా రాలేదని, దూరపు కళాశాలలో సీటు వచ్చినా వదులుకున్న అమ్మాయి ప్రయాణం ఏ పట్టికలోనూ కనిపించదు. ప్రయాణమే లేనిచోట గిరాకీ లేదని రాస్తారు. గిరాకీ లేదు గనుక రైలూ రాదు.

కాబట్టి వినతిపత్రాలతో సరిపెట్టుకోవడం చాలదని మేము భావిస్తున్నాము. మన లెక్క మనమే రాసి అధికారుల ముందు పెట్టాలి.

ఇక ఇళ్ళు, దుకాణాలు పోయేవారి సంగతి. చదరపు గజానికి 81 వేల రూపాయల పరిహారం యజమానికి నిర్ణయించారు. ముప్పై ఏళ్ళుగా అద్దె దుకాణంలో కూర్చున్నవాడి మాటేమిటి? 2013 భూసేకరణ చట్టం, మూడేళ్ళకు ముందునుండి అక్కడే పనిచేస్తూ దానిపైనే ఆధారపడిన అద్దెదారును కూడా బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, లైసెన్సు కాగితాలు జాగ్రత్త చేసుకోండి. వక్ఫ్ ఆస్తి విషయంలో భూసేకరణ అధికారి బోర్డుకు నోటీసు ఇవ్వాలని వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ చెబుతున్నది. ముతవల్లీలు ఆ నోటీసు వచ్చిందో లేదో బోర్డులో విచారించాలి.

ద్వారం వద్ద ఫారాలు ఉంచాము. ఒక్కొక్కరు పది ఇళ్ళు తీసుకోండి. ఎవరు ఎక్కడికి, ఎంత ఖర్చుతో వెళుతున్నారో రాయండి. చివరి గడిని మాత్రం ఖాళీగా వదలకండి: దారి లేక మానుకున్న ప్రయాణం ఏది? ఆ ప్రశ్న ఇంటి స్త్రీలనే అడగాలి. అందుకని సోదరీమణులు కనీసం సగం ఫారాలు తీసుకోవాలని కోరుతున్నాము.