చిన్న డబ్బా - పెద్ద పని
(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



వేసవి కాలం. మిట్టమధ్యాహ్నం. ఒక ఇంట్లో కోడలు ఫ్యాను స్విచ్ వేసింది. ఫ్యాను "గుంయ్" అంది. తిరగలేదు. ఎండు కర్రతో రెక్కను తోసింది. అప్పుడు నెమ్మదిగా తిరిగింది.

"ఏటే, ఈ ఫేనుకి ఏటైంది?" అని అత్త అడిగింది.

"మోటారు కాలిపోనాది కాబోలు అత్తా. కొత్తది కొనాల" అంది కోడలు.

మోటారు కాలిపోయిందా? లేదు. పూర్తిగా కాలిపోతే తోసినా తిరగదు. తోస్తే తిరుగుతోందంటే చాలాసార్లు చెడిపోయింది లోపలున్న ఒక చిన్న డబ్బా. దాని పేరు కెపాసిటర్. కొందరు కండెన్సర్ అంటారు. ఫ్యానుకి తొలి తోపు ఇచ్చేది అదే. దాన్ని మార్చితే ఫ్యాను మళ్ళీ తిరుగుతుంది. మార్చకుండా రోజూ కర్రతో తోసి వాడితే మోటారు వేడెక్కుతుంది. చివరికి అదీ కాలిపోతుంది.

ఈ కెపాసిటర్ ఫ్యానులోనే కాదు. టీవీలో, సెట్ టాప్ బాక్సులో, సెల్ ఛార్జరులో, ఛార్జింగు లైటులో, ఇన్వర్టరులో కూడా ఉంటుంది. అక్కడ పచ్చటి బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లా నిలబడి ఉంటాయి.

కెపాసిటర్ ఏం చేస్తుంది?

కుళాయిలో నీళ్ళు ఒకసారి జోరుగా వస్తాయి. ఒకసారి సన్నగా వస్తాయి. మీరు ఏం చేస్తారు? గోలెంలో పట్టి ఉంచుతారు. కావలసినప్పుడు సమానంగా ముంచుకుంటారు. కెపాసిటర్ కూడా అలాంటి గోలెమే. ఎగుడుదిగుడుగా వచ్చే కరెంటును పట్టి ఉంచి, బోర్డుకు సమానంగా అందిస్తుంది. 1745, 1746 సంవత్సరాల్లో ఐరోపాలో తొలిసారి ఇలా కరెంటును నిలవ చేశారు. దేనిలోనో తెలుసా? గాజు సీసాలో!

ఇప్పటి డబ్బాలో సీసా లేదు. రెండు పలచని అల్యూమినియం రేకులు ఉంటాయి. వాటి మధ్య మందు ద్రవంలో తడిపిన కాగితం ఉంటుంది. చాప చుట్టినట్టు చుట్టి డబ్బాలో పెడతారు. వేడికి ఆ ద్రవం ఏళ్ళ తరబడి మెల్లగా ఇంకిపోతుంది. ఎండిన గోలెం నీళ్ళు ఇవ్వగలదా? ఇదీ అంతే. ఒక్కోసారి లోపల గాలి పుట్టి డబ్బా ఉబ్బుతుంది.

తయారీలో తప్పు జరిగినా ఇలాగే అవుతుంది. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు ఎన్నో దేశాల్లో కంప్యూటర్ల బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి కారిపోయాయి. లోపల పోసిన ద్రవం సరైనది కాదు. చిన్న డబ్బా చెడితే అంత పెద్ద యంత్రమూ ఆగిపోయింది.

చెడిన దాన్ని ఎలా గుర్తుపట్టాలి?

డబ్బా నెత్తి చూడండి. బల్లపరుపుగా ఉంటే మంచిదే కావచ్చు. పూరీలా పొంగి ఉంటే చెడిపోయినట్టే. నెత్తి మీద గీతలు కనిపిస్తాయి. లోపల గాలి ఎక్కువైతే అక్కడ విచ్చుకోవాలని ఆ గీతలు పెడతారు. కింద గోధుమరంగు జిగురు కారి ఉందా? అడుగు పైకి లేచి పక్కకి ఒరిగిందా? అవి కూడా గుర్తులే. కొన్ని పైకి బాగానే ఉండి లోపల ఎండిపోతాయి. వాటిని మీటరుతోనే కనిపెట్టాలి.

వస్తువు కూడా చెబుతుంది. సెట్ టాప్ బాక్సు లైటు మిణుకుమంటుంది, బొమ్మ రాదు. టీవీ ఆలస్యంగా వెలుగుతుంది. రేడియో పాట వెనక "గుంయ్" మంటుంది. అయితే ప్రతి జబ్బుకీ కెపాసిటరే కారణం కాదు. వైరు తెగినా, ఇంకో ముక్క పోయినా ఇలాగే ఉండవచ్చు.

జాగ్రత్త అమ్మా!

ఇది అన్నిటికంటే ముఖ్యం. ప్లగ్గు తీసేసినా గోలెంలో నీళ్ళు ఉంటాయి కదా! అలాగే కెపాసిటర్లో కరెంటు ఉంటుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు. బోర్డు మీద పెద్ద డబ్బాలో అది 300 వోల్టులు దాటి నిలవ ఉంటుంది. ముట్టుకుంటే గట్టి షాకు కొడుతుంది. ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుకని టీవీ, ఇన్వర్టరు ఇంట్లో విప్పకండి. పాత డబ్బా టీవీ అసలు విప్పకండి. దాని బొమ్మ గొట్టం దగ్గర వేల వోల్టులు ఉంటాయి. పిల్లల్ని విప్పనివ్వకండి. పని నేర్చినవాళ్ళు ముందు ప్లగ్గు తీస్తారు. ఆ నిలవ కరెంటును పద్ధతిగా ఖాళీ చేస్తారు. మీటరు పెట్టి చూస్తారు. ఆ తర్వాతే చెయ్యి పెడతారు.

మరి విప్పకూడనప్పుడు తెలుసుకోవడం ఎందుకు? వినండి.

ఆ అత్తాకోడళ్ళు సెట్ టాప్ బాక్సు పట్టుకుని టౌనులో షాపుకి వెళ్ళారనుకోండి.

"బోర్డు పోయిందమ్మా. మొత్తం మార్చాలి. పన్నెండు వందలు" అన్నాడు మెకానిక్కు.

"ఓపాలి మూత తీసి సూపించు బావూ" అంది కోడలు.

అతను తీశాడు. ఆమె వంగి చూసింది. "ఇదిగో, ఈ డబ్బా నెత్తి పొంగిపోనాది. దీని మీద 1000 అనుంది. పక్కన 16 అనుంది. ముందు ఇదొక్కటీ మార్చి సూడు బావూ."

మెకానిక్కు ఆశ్చర్యపోయాడు. "చదువుతావా అమ్మా?" అన్నాడు.

"ఈమధ్యనే నేర్సినాను" అంది.

డబ్బా మార్చాడు. బాక్సు పనిచేసింది. ముక్క ఖరీదు కొన్ని రూపాయలే. కూలీతో కలిపినా వందకి మించలేదు.

ఆమె చదివిన అంకెలు ఏమిటి? 1000 అంటే మైక్రోఫారడ్లు. గోలెం ఎంత పెద్దదో అది చెబుతుంది. 16 అంటే వోల్టులు. ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో అది చెబుతుంది. ఇంకో అంకె 85 గాని, 105 గాని ఉంటుంది. అది వేడి డిగ్రీలు.

కొత్త ముక్క వేసేటప్పుడు మూడు చూడాలి. ఒకటి, మైక్రోఫారడ్లు పాతదానంతే ఉండాలి. రెండు, వోల్టులు అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. తక్కువ ఉండకూడదు. 16 బదులు 25 వేయవచ్చు. 10 వేయకూడదు. మూడు, డబ్బా పక్కన అడ్డగీతల పట్టీ ఉంటుంది. ఆ వైపు కాలు మైనస్. బోర్డు మీద మైనస్ వైపే అది పోవాలి. తిరగేసి పెడితే డబ్బా పేలవచ్చు. వేడి అంకె 105 ఉన్నది ఎక్కువ కాలం మన్నుతుంది.

పాతదాని కాళ్ళ దగ్గర సోల్డరింగ్ ఐరన్‌తో సీసం కరిగించి బయటికి లాగుతారు. కన్నాలు శుభ్రం చేస్తారు. కొత్తది పెట్టి సీసం కరిగించి అతుకుతారు. మిగిలిన కాళ్ళు కత్తిరిస్తారు. సీసం విషం. పొగ పీల్చకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఈ పని ఆడవాళ్ళకి వస్తుందా?

రాజస్థాన్‌లో తిలోనియా అనే పల్లె ఉంది. అక్కడ 1972లో బేర్‌ఫుట్ కాలేజీ మొదలైంది. బడి ముఖం చూడని ఆడవాళ్ళు అక్కడ సోలార్ దీపాల బోర్డులు తయారు చేయడం నేర్చుకున్నారు. బాగు చేయడం నేర్చుకున్నారు. అమ్మమ్మలు కూడా నేర్చుకున్నారు. ఆఫ్రికా దేశాల నుంచి కూడా వచ్చారు. ఒకరి భాష ఒకరికి రాదు. రంగులు చూసి, గుర్తులు చూసి ఆరు నెలల్లో నేర్చుకున్నారు. తమ ఊళ్ళకి వెళ్ళి దీపాలు వెలిగించారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం ఊళ్ళు చీకట్లో ఉండిపోయాయి. చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి బాగుచేసిన ఒక్క ఛార్జింగు లైటు ఎంత ధైర్యమో ఆలోచించండి. పసిబిడ్డ ఉన్న ఇంటికి అది ఎంత అవసరమో ఆలోచించండి.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. మూల పడేసిన లైటో, రేడియోనో ఉందేమో వెతకండి. పారేయకండి. కాల్చకండి, ఆ పొగ విషం. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళండి. మూత తీయించి చూడండి. అంకెలు చదవండి. ఏ ముక్క పోయిందో అడగండి.

అడగడం తప్పు కాదు. తెలుసుకోవడం మీ హక్కు.