కునుకు వెనక డ్యూటీ



ఇవాళ పట్టాలందుకున్న మీలో కొందరు రేపోమాపో బండిలో డ్రైవరును కనిపెట్టి ఉండే కెమెరాల మీద పనిచేస్తారు. స్టీరింగ్ దగ్గర చిన్న కన్ను, మనకు కనబడని పరారుణ కాంతి. చిమ్మచీకట్లోనూ రెప్పల కదలికను పట్టేస్తుంది. నిమిషంలో ఎంతసేపు రెప్ప ఎనభై శాతానికి మించి వాలిపోయిందో లెక్కగడుతుంది. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి ప్రతి కొత్త కారులోనూ నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి.

అవసరమే. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కునుకు పడితే బండి ఎనభై మీటర్లకు పైగా దానంతటదే పోతుంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని పొట్టన పెట్టుకున్నాయి. చనిపోయిన డ్రైవరును నిద్రపోయావా అని అడగలేం కనక, కునుకు తెచ్చిన చావులు కూడా అతివేగం పద్దులో పడిపోవచ్చు.

అయితే, పక్క అద్దంలోకి చూసినా కూతపెట్టే యంత్రం మీద రెండోరోజే టేపు పడుతుంది. ఆ తప్పు డ్రైవరుది కాదు, తయారుచేసిన మనది.

అర్ధరాత్రి దాటాక హైవే మీద పోలీసులు లారీలాపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపడం మీరు చూసే ఉంటారు. అలారం చేసేదీ దాదాపు అదే. చల్లనీళ్ల ప్రభావం కాసేపే. ఒళ్లు అడిగేది నిద్ర.

ఆ నిద్ర ఎక్కడ పోయిందో కెమెరా చూడదు. రోజుకు 8 గంటల పని, ఏకబిగిన 5 గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. తెల్లారేలోగా సరుకు మార్కెట్లో దించాలని ఓనరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే ఆ నియమం ఎవరికి గుర్తుంటుంది?

రెప్ప వాలిన వీడియో ఓనరు ఫోనుకు చేరిపోతుంది. అది చూపించి జీతం కోసేవాళ్లకు కొదవుండదు. బండి ఎప్పుడు కదిలిందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో కూడా అదే యంత్రానికి తెలుసు కదా! ఆ గంటలు కూడా వీడియో పక్కనే తెర మీద ఉండాలి. పదమూడో గంటలో కునికితే, పదమూడు గంటల డ్యూటీ వేసిందెవరో కూడా కనబడాలి. యంత్రం కొనేది ఓనరు కాబట్టి ఆ గంటలు చూపే గడి తీసేయమంటాడు. తీయాలో వద్దో తేల్చే మీటింగులో మీరూ కూర్చుని ఉంటారు.